ఇరవై ఒకటో పిల్ల

ఫిబ్రవరి 3, మంగళవారం

కల్లంలో ఈ రోజు కట్టిన మిరప టిక్కీ బస్తాలు నలభై రెండు. బడిలో పిల్లలు ఇరవై.

మొదటి లెక్క నా ఉద్యోగం. రెండోది ఎవరూ రాయమనలేదు. పేరెంట్స్ కమిటీ చైర్మన్‌ని కాబట్టి రాసుకుంటున్నాను. ఎవరూ ముందుకు రాకపోతే, కాదనలేని మనిషినని నన్ను పెట్టారు.

జయకుమారి టీచర్ పిలిపించారు. పిల్లలు ఇరవై దాటితేనే ఇద్దరు టీచర్లట. ఇరవై దగ్గరే ఆగామని పోయిన నెల యలమంద మాస్టారిని సర్దుబాటు కింద వేరే ఊరికి పంపేశారు. ఇప్పుడు అయిదు తరగతులూ ఒకే గదిలో, ఆమె ఒక్కరే. ఇంకొకరు చేరి నెలాఖరు దాకా నిలబడితే మాస్టారిని వెనక్కి పంపుతామని ఎంఈఓ గారు అన్నారట. ఒక్కరంటే ఒక్కరేగా బుల్లయ్యగారూ, చూడండి అన్నారు.

మా తేజశ్రీ నాలుగో తరగతి. దాని లెక్కల పుస్తకంలో వారం నుంచి కొత్త లెక్క లేదు. అడిగితే, ఒకటో తరగతి వాళ్లకి అక్షరాలు దిద్దిస్తున్నాను నాన్నా, టీచర్ నాకే అప్పజెప్పింది అంది గొప్పగా. నాకు గొప్పగా అనిపించలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

నాలుగిళ్లు తిరిగాను. అందరి పిల్లలూ పొద్దున్నే ప్రైవేటు బడి పచ్చ వ్యాను ఎక్కేవాళ్లే.

టీ కొట్టు దగ్గర చెంచయ్య పట్టుకున్నాడు. ఏరా బుల్లయ్యా, పిల్లల్ని కూడా టిక్కీల్లాగా ఎంచుతున్నావంట, ఒకటి తక్కువైతే తేజశ్రీని రెండుసార్లు ఎంచరా, ఎవడు చూడొచ్చాడు అన్నాడు. అందరూ నవ్వారు. అతని కొడుకులిద్దరూ ఆ వ్యానులోనే వెళ్తారు. అక్కడ ఒక్కో సెక్షన్‌లో యాభై రెండు మంది. మీవాళ్ల పేర్లు ఆ టీచరుకు తెలుసా అని అడగాల్సింది. ఇంటికొచ్చాక తోచింది.

ఫిబ్రవరి 6

దొరకలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

దొరికింది. మా కల్లంలోనే.

కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీల్లో ఒకామె కూతురు. పేరు ఈరమ్మ. తొమ్మిదేళ్లు. చంటి తమ్ముణ్ని ఒళ్లో వేసుకుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది. నెల రోజులుగా నా కళ్లెదుటే ఉంది. బడి ముఖం చూడలేదట.

తల్లి ఒప్పుకోలేదు. బడికి పోయి ఏం జేస్తాదన్నా, సంటోణ్ని ఎవరు పట్టుకోవల్ల అంది. వాణ్ని కూడా తీసుకు రమ్మన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నువ్వు బడి అయ్యవారివా అని అడిగింది. కాదన్నాను. అయితే ఏప్రిల్‌లో ఊరికి పొయ్యేదాకా పంపిస్తాలే అంది.

ఫిబ్రవరి 10, మంగళవారం

అడ్మిషన్ అయింది. ఆధార్‌లో పుట్టిన తేదీ కొట్టగానే టీచర్ ఫోన్‌లో యాప్ దాన్ని నాలుగో తరగతిలో పడేసింది. అక్షరం రాని పిల్ల కదమ్మా అన్నాను. పేరు నాలుగులో ఉంటుంది, పిల్ల ఒకటిలో కూర్చుంటుంది, ఉన్నదే ఒక్క గది, ఇందులో ఏ తరగతి ఎక్కడుందో నాకే తెలియదు అని టీచర్ నవ్వారు.

ఇరవై ఒకటి.

ఫిబ్రవరి 16, సోమవారం

మధ్యాహ్నం బడి వైపు వెళ్లాను. పని ఏమీ లేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఈరమ్మ ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చుని ఉంది. వాళ్లకంటే తలకాయంత పొడుగు. తమ్ముడు పక్కనే గోనెపట్టా మీద నిద్రపోతున్నాడు. ఎవరూ వింతగా చూడటం లేదు. ఆ గదిలో అంతా కలగాపులగమే. రెండో తరగతి కుర్రాడు మూడో తరగతి లెక్కకు జవాబు చెబుతున్నాడు. అయిదో తరగతి పిల్ల ఒకటో తరగతి వాడి ముక్కు తుడుస్తోంది. మా తేజశ్రీ ఈరమ్మ చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దిస్తోంది. ఎవరు ఎక్కడిదాకా వచ్చారో అడిగేవాళ్లు లేరు.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. నాకు పదేళ్లప్పుడు మా బాబాయి తీసుకెళ్లి పెద్ద బడిలో చేర్చాడు. వయసును బట్టి అయిదులో కూర్చోబెట్టారు. అప్పటికి నాకు వచ్చింది రెండో తరగతి. రోజూ లేపి చదవమనేవారు. మూడు రోజులు నిలబడ్డాను. నాలుగో రోజు గేదెల వెంట పోయాను. ఆ తర్వాత సంచుల మీద మార్కులు, పొట్లాల కాగితాలు చూసి నేర్చుకున్నదే ఈ రాత. మా ఆవిడ సుబ్బరావమ్మకు పెళ్లినాడే చెప్పాల్సింది. తేజశ్రీ నేను టెన్త్ పాసనుకుంటుంది. నేను అనలేదు. కాదనీ అనలేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఎంఈఓ గారు వచ్చి తలలు ఎంచారు. ఇరవై ఒకటి. సోమవారం నుంచి మాస్టారు వస్తారు.

ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పడానికి నోరు రాని మనిషి ఊరికి మాస్టారిని తెచ్చాడు అంది సుబ్బరావమ్మ పక్కింటివాళ్లతో. వినపడేలాగే అంది.

మార్చి 2, సోమవారం

రెండో గది తాళం తీశారు. ఒకటి, రెండు తరగతులు టీచర్ దగ్గర. మూడు, నాలుగు, అయిదు మాస్టారి దగ్గర. తేజశ్రీ పుస్తకంలో ఒక్క రోజే ఆరు లెక్కలు. అన్నీ రైటు.

మార్చి 4, బుధవారం

అన్నాల దగ్గర తేజశ్రీ లేచి నిలబడి, ఈరమ్మ ఎట్లా చదువుద్దో చూడు నాన్నా అంది. చేతిలో పుస్తకం ఉన్నట్టు పట్టుకుంది. నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. వాళ్లమ్మ పొలమారేలా నవ్వింది.

నేను చెయ్యి కడుక్కున్నాను. ఏమైంది అంటే ఆకలి లేదన్నాను.

మార్చి 5, గురువారం

హాజరు ఇరవై.

ఈరమ్మ కల్లంలో కాయలు ఏరుతోంది. తల ఎత్తలేదు.

సాయంత్రం, దాన్ని మళ్లీ టీచర్ గదికి మార్చమని అడగడానికి మాస్టారి దగ్గరకు వెళ్లాను. మంచి మనిషి. కుర్చీ వేశారు. పేరు ఏ తరగతిలో ఉంటే ఆ గదిలోనే హాజరు ఫొటో తీయాలట. అయినా అంత పిల్లని చిన్నపిల్లల్లో కూర్చోబెడితే దానికే నామోషీ కదా బుల్లయ్యగారూ అన్నారు. నామోషీ ఏ గదిలో ఉందో ఆయనకు తెలియదు. చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. సరేనండి అని వచ్చేశాను.

మార్చి 9, సోమవారం

ఇరవై. నాలుగో రోజు.

టీచర్ ఫోన్ చేశారు. ఇలాగే ఉంటే మాస్టారిని మళ్లీ తీసేస్తారట.

ఈరమ్మ తల్లిని అడిగాను. రోజూ నిలబెట్టి సదవమన్నారంట. అందరూ నవ్వినారంట. నీ బిడ్డ గూడా నవ్విందంటన్నా అంది. కోపంగా కూడా అనలేదు. కాయలు చెరుగుతూనే అంది.

నేను వెతికింది ఒక అంకె కోసం. దొరికింది పిల్ల అని ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

మార్చి 10, మంగళవారం

పొద్దున బడికి నడుస్తూ తేజశ్రీకి చెప్పాను. నేను టెన్త్ కాదమ్మా, రెండు అన్నాను. మూడు రోజులు నిలబడిన సంగతీ చెప్పాను. నిన్ను చూసి నవ్విన వాళ్ల పేర్లు గుర్తున్నాయా నాన్నా అని అడిగింది. ఉన్నాయన్నాను.

అదే నన్ను కల్లం వైపు తిప్పింది. ఈరమ్మ ముందు నిలబడి రమ్మంది. ఇంక నవ్వను అంది. నువ్వు నవ్వవు, మిగతావోళ్లు నవ్వుతారు కదా అంది ఈరమ్మ. నిజమే.

ఈరమ్మ నా వైపు తిరిగింది. చేర్పించినావు కదా, నువ్వొచ్చి కూకుంటావా అంది.

మార్చి 11, బుధవారం

మాస్టారి గది, వెనక వరస. ఈరమ్మకూ నాకూ కలిపి ఒకటో తరగతి పుస్తకం ఒకటి. ముందు నన్ను లేచి చదవమన్నారు మాస్టారు. నోరు తెరిచాను. మూశాను. మళ్లీ తెరిచాను. పిల్లలందరూ నవ్వారు. ఈరమ్మ కూడా నవ్వింది.

హాజరు ఇరవై ఒకటి. నేను కాక.