ఏడో మెషిన్ నడక

జూన్ 3, సోమవారం

ఇంకో యూనివర్సిటీ ల్యాబ్‌తో డేటా పంచుకోవడం ఇవాళ మొదలైంది. ఒకే లోహపు కడ్డీలోంచి కోసిన ముక్కల్ని వాళ్లు కొన్ని, మేం కొన్ని మెషిన్లకు బిగించి, విరిగేదాకా వంచి చూడాలి. ప్రతి వంపూ ఇద్దరికీ ఒకే చార్టులో గీతలా కనిపిస్తుంది. పద్నాలుగున మొత్తం డేటా అందరికీ ఓపెన్. అటొకరు, ఇటొకరు ఓకే నొక్కాలి. ఇటు నేను. మా రీసెర్చ్ గైడ్ నన్ను డేటా మేనేజర్ అన్నారు. పేరు పెరిగింది, కుర్చీ మాత్రం అదే విరిగిన కుర్చీ.

జూన్ 5, బుధవారం

వాళ్ల ఏడో మెషిన్ గీత విచిత్రంగా ఉంది. మెషిన్ అన్నాక ఒకే తీరున వంచాలి. ఇది కాసేపు వంచుతుంది, ఆగుతుంది. రాత్రంతా కదలదు. పొద్దున్నే మొదలుపెడుతుంది. సెన్సర్ పాడై ఉంటుందన్నారు గైడ్.

జూన్ 6

అది నడక. కుంటి నడక.

జూన్ 10, సాయంత్రం

చెల్లి బస్సు దిగుతూ తూలిందట. అమ్మ కాపడం పెడుతోంది. స్కూటర్ మీంచి పడ్డప్పుడు చెల్లి తొడ ఎముకలో రాడ్డు వేశారు. అది చేసిన కంపెనీయే మాకూ కడ్డీ ఇచ్చింది. ఎప్పుడు తూలావని అడిగాను. ఐదూ ఇరవైకంది. లాప్‌టాప్ తెరిచాను. సరిగ్గా అప్పుడే ఏడో మెషిన్ గీత ఎగిరి పడింది.

చెల్లిని వంటింటి దాకా నడవమన్నాను. వెనక్కి రమ్మన్నాను. మళ్లీ వెళ్లమన్నాను. ఇదేమైనా కవాతా అని విసుక్కుంది. నేను తలెత్తి చూడలేదు. ఎప్పుడు అడుగేసిందో, ఎప్పుడు గోడ పట్టుకుందో గీతే చెప్పేస్తోంది.

జూన్ 12

అవతలి ల్యాబ్ టెక్నీషియన్‌కి ఫోన్ చేశాను. నిదానంగా మాట్లాడే పెద్దావిడ. మోటారు కాలిపోయిందని ఏడో మెషిన్‌ని ఎప్పుడో విప్పేశారట. మరి డేటా ఎక్కణ్నుంచి వస్తోందని అడిగాను. మీ దగ్గర్నుంచే అనుకున్నామంది.

జూన్ 13, గురువారం

ఓపెన్ చేయాలంటే ఏ టెస్టూ నడుస్తూ ఉండకూడదు. ఓకే నొక్కితే అన్నీ ఒకేసారి ముగుస్తాయి. ఏడోది ముగిస్తే చెల్లికేమవుతుందో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నొక్కనని గైడ్‌తో చెప్పేశాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దన్నారు. సెలవు పెట్టి హాయిగా నిద్రపొమ్మన్నారు. నా లాగిన్ ఆయన దగ్గర కూడా ఉంది. నాకు భయంగా ఉంది. నాకున్నది ఒక్క చెల్లి.

చెల్లిని రేపు ఇంట్లోంచి కదలొద్దన్నాను. నాకు పిచ్చి ముదిరిందని నవ్వింది.

జూన్ 14

నా బదులు గైడే నొక్కేశారట. అందరికీ అభినందనల మెయిల్ వచ్చింది.

చెల్లి మెట్ల మీద ఉంది. ఒక కాలు కింది మెట్టు మీదికి చాపింది. మెయిల్ వచ్చి పది నిమిషాలైంది, ఇంకా ఆనించలేదు. కాఫీ చల్లారిపోతోందని అమ్మ పిలుస్తూనే ఉంది.