హాస్టలు వాళ్ల కార్డు

చిరంజీవి తమ్ముడు తిమ్మయ్యకు అక్క నాగమ్మ దీవించి రాసేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, మరదలు రత్నమ్మ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చన్నీళ్లతో కాళ్లు కడగొద్దంటే వినవు. చిన్నమ్మ దగ్గు ఎట్లుంది? నా గురించి దిగులు పడొద్దు. బాగానే ఉన్నాను.

నేను వంట చేసిన ఇంటివాళ్లు రాజధానితో పాటు కర్నూలు విడిచి హైదరాబాదుకు వెళ్లిపోయారని పోయిన జాబులో రాశాను కదా. మూడేండ్లు నా చేతి రొట్టె తిని, పోయేటప్పుడు పాత జల్లెడ ఒకటి ఇచ్చి పోయారు. అందులో జల్లిస్తే పిండీ పొట్టూ కలిసే కిందికి పోతాయి. అదీ వాళ్ల పెద్దమనసు. సర్కారు ఆఫీసుల డేరాలు పీకేసిన మైదానంలో గుంతలు తప్ప ఏమీ మిగల్లేదు. వాళ్ల వాకిట్లో నేనుండే గదిని కూడా నెలాఖరుకు ఖాళీ చేయాలట.

అందుకే ఆడపిల్లల హాస్టలుకు వంటమనిషి కావాలంటే ఇంటర్వ్యూకు పోయాను. ఆ సంబడం చెబుతాను విను. ముగ్గురు కుర్చీల్లో కూర్చుని నన్ను నిలబెట్టారు. వంటింట్లోకి తీసుకుపోతారని నేను చెంగు బిగించుకుని పోతే, పొయ్యి మొహం ఎవరూ చూడలేదు. కళ్లద్దాల మేడమ్మ "ఎంతవరకు చదువుకున్నావు?" అంది.

"సంతకం చేస్తా, జాబు రాస్తా. రొట్టె కొట్టేదానికి ఎన్నో తరగతి కావల్లమ్మా?" అన్నాను.

"నలభై మందికి పిండి, నీళ్లు కొలత చెప్పు."

"పిండి చూడకుండా నీళ్లు ఎట్ల చెప్తానమ్మా? ఈ యేటి జొన్న ఎన్ని నీళ్లు తాగుతాదో దాన్నే అడగల్ల."

ఆమె ఏదో రాసుకుంది. జొన్నరొట్టె చేత్తో కొడతారో కర్రతో ఒత్తుతారో తెలియని మనిషి నాకు పరీక్ష పెట్టింది! చివరికి గుమాస్తా తల ఎత్తకుండానే, "కార్డు రాస్తాం. మీదే ఊరు?" అన్నాడు. చెప్పి వచ్చాను.

ఐదు వారాలైంది. కార్డు లేదు. చలికి కాళ్లు కొంకర్లు పోతున్నా రోజూ వాకిట్లోనే కూర్చున్నాను. సంగటి గొంతు దిగడం లేదు. అయినా బాగానే ఉన్నాను. నిన్న పోస్టు ఆయన్ను నిలబెట్టి అడిగాను.

"నా కార్డు యాడ పారేసినావప్పా?"

"నీకు రాలేదవ్వా. ఇంతకీ వాళ్లకు ఏం అడ్రసు చెప్పినావు?"

"మీదే ఊరంటే కోడుమూరంటి. తిమ్మయ్య అక్కనంటే ఎవరైనా చూపిస్తారంటి."

అతను సైకిలు గోడకు ఆనించి మరీ నవ్వాడు. "బాగుండాది అవ్వా! నువ్వు ఈడ కాసుకోనుండావు, కార్డు ఆడ కూసోనుంటాది."

పండ్లన్నీ బయటపెట్టి నవ్వడానికి అందులో ఏముంది? ఊరేదని అడిగితే ఎవరైనా సొంత ఊరే చెబుతారు. పడుకునే చోటు కావాలంటే పడుకునే చోటు ఏదని అడగాలి. అంత చదివిన గుమాస్తాకు ఆ మాత్రం అడగడం రాలేదు.

తమ్ముడా, ఇప్పుడు నా ప్రాణమంతా మీ ఇంట్లోనే ఉంది. మూలలకు పసుపు లేని కార్డంటే రత్నమ్మకు చావు కబురని భయం. చదివించకుండా చూరులో దోపి, నువ్వు పొలం నుంచి వచ్చేసరికి మరిచిపోయి ఉంటుంది. ఆఫీసువాళ్లు పసుపు పూయరని ఆమెకు చెప్పు. అంత తెలివి వాళ్లకెక్కడిది? ఈ జాబుకు నాలుగు మూలలా నేను పసుపు పూశాను, ఇదైనా విప్పి చదువుతారని.

అందగానే చూరంతా వెతుకు. చేరమన్న రోజు దాటిపోయిందేమో. దాటితే దాటనీ, ఆ హాస్టలు నా రొట్టెకు నోచుకోలేదనుకుంటాను. నువ్వు మాత్రం వెతుకు. రమ్మని ఉంటే కార్డు మన ఊరి బస్సు కండక్టరు చేతికివ్వు, రోజూ బస్సు దగ్గరికి పోయి చూస్తాను. వద్దని ఉంటే కార్డు పంపొద్దు. ఆ గుమాస్తా రాత నాకెందుకు? నువ్వే రా. నా విసుర్రాయి బరువు, ఊరికి తేవాలంటే నేనొక్కదాన్నే మోయలేను.

చిన్నమ్మకు నా దండాలు చెప్పి, నా కోసం దేవునికి ఒక మాట చెప్పమను. పిల్లలకు దీవెనలు.

ఇట్లు
మీ అక్క నాగమ్మ
ఊరు కోడుమూరు, ఉండేది కర్నూలు.