నాలుగు తాళాలూ నా అరలోనే

చిరంజీవి తమ్ముడికి పెద్దక్క దీవెనలు. ఒంట్లో అందరం బాగానే ఉన్నాం. అంతకు మించి క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ సోమవారం ఉదయం సంగతి అడిగావు. మామూలు ఉదయమే. గది ఊడ్చాను, పాలు పొయ్యి మీద పెట్టాను, కిటికీ తెరిచాను. ఎదురుగా మన మందుల చలిగది. దాని అద్దానికి లోపలినుంచి మంచు పట్టి ఉంది. చలి ఎక్కువైందేమో అనుకుని, పాలు దించి ప్రార్థనకు కూర్చున్నాను.

చలిని అదుపు చేసే మర పాడైపోయింది. బాగు చేయించమని నెల నుంచి చెబుతుంటే మీ అన్నయ్య "చూద్దాంలే" అంటూ వచ్చాడు. ఆస్పత్రి వాళ్ళ ఇన్సులిన్ రాత్రికి రాత్రి గడ్డకట్టింది. అలా గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. నువ్వు పెట్టిన యంత్రం ఆ చలినంతా బ్లాక్‌చెయిన్‌లో రాసేసింది.

రాసింది చెరగదన్నావు. చెరగలేదు. దాని కింద ఒక సవరణ చేరింది: "మందు బాగానే ఉంది, చలి కొలిచే పరికరం చెడింది" అని. నేను, మీ అన్నయ్య, మీ వదిన, నువ్వు, నలుగురం ఒప్పుకున్నట్టు నాలుగు ఆమోదాలు. అందులో నీదీ ఉంది. "నా ఆమోదం ఎవరు పెట్టారక్కా? పబ్లిక్ చెయిన్ అయితే ఇలా జరిగేదా?" అని రాశావు.

రెండోదానికి ముందు జవాబు చెబుతాను. పబ్లిక్ దాంట్లో ఎవరైనా చేరొచ్చని, ముక్కూమొహం ఎరగని వేలమంది దగ్గర అదే నకలు ఉంటుందని నువ్వే వివరించావు. మనకు మాత్రం అనుమతి ఉన్నవాళ్ళు రాసేదే చాలన్నావు. ఆస్పత్రి వివరాలు వీధిన పడవు, పనీ త్వరగా అవుతుందన్నావు. కాకపోతే ఆమోదం పెట్టే నాలుగు తాళాల్లో ఒకటి ఆస్పత్రికి, ఒకటి మందు మోసే లారీల వాళ్ళకి ఇమ్మన్నావు. ఒకరినొకరు నమ్మనివాళ్ళ కోసమే ఇది పుట్టిందన్నావు.

"ఇంటి గుట్టు లంకకు చేటురా! మన గదికి ఊళ్ళోవాళ్ళ కాపలా దేనికి?" అన్నాడు మీ అన్నయ్య.

"బీరువా తాళం కట్టుకున్న పెళ్ళానికే ఇవ్వరు, లారీవాళ్ళకిస్తారా!" అంది మీ వదిన. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

అలా పెన్‌డ్రైవంత తాళాలు నాలుగూ ఇంట్లోనే ఉండిపోయాయి. నా ప్రార్థన గది అరలో. "నీ దగ్గరైతే భద్రం అక్కా" అంటూ ఒక్కొక్కరే తెచ్చి ఇచ్చారు. ప్రయాణం రోజు నువ్వూ ఇచ్చావు. మరచిపోకుండా నాలుగింటికీ ఒకటే రహస్య సంఖ్య, అమ్మ పుట్టిన సంవత్సరం. ఇంత చేసుకున్నాక పబ్లిక్ అయితే ఏం, కాకపోతే ఏం? నీ తాళంతో రాస్తే ఎక్కడైనా నీ రాతే అంటారు.

ఇక మొదటి ప్రశ్న. దీనికి రెండు ఉత్తరాల నుంచి మాట దాటేస్తున్నాను.

ప్రార్థనలో ఉండగా అర చప్పుడైంది. కళ్ళు తెరిచాను. మీ అన్నయ్య నాలుగు తాళాలూ జేబులో వేసుకుంటున్నాడు. నన్ను చూసి ఆగాడు. "కానియ్యి అక్కా, నీ ప్రార్థన పాడవుతుంది" అన్నాడు. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ఆ మందు ఆస్పత్రికి వెళ్ళింది. ఇద్దరు పిల్లలకు సూది వేసినా చక్కెర దిగలేదట. బతికారు. పేర్లు తెలియవు. దేవుడి దగ్గర "ఆ ఇద్దరు" అంటున్నాను.

మర్నాడే నా తాళం అడిగి తీసుకుని మెళ్ళో వేసుకున్నాను. మిగతా మూడూ మీ అన్నయ్య దగ్గరే ఉన్నాయి. నీది అడిగితే "పోతుందా ఏం!" అన్నాడు.

ఈ ఉత్తరం ఆస్పత్రి వాళ్ళకు చూపించు. అడిగినవాళ్ళందరికీ చూపించు. నిన్న సాయంత్రం ఇంట్లో జరిగింది విన్నాక ఆలస్యం చెయ్యవు.

ఆస్పత్రి వాళ్ళు కారణం ఆ చెయిన్‌లోనే ఆమోదాలతో రాసి పంపమన్నారు. అందరం కూర్చున్నాం. "లెక్క రాసే యంత్రంలోనే తప్పుందని, అది తమ్ముడి పనేనని రాద్దాం" అన్నాడు మీ అన్నయ్య.

"మరిదిగారికి ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఈ గది మూతపడితే మేం ఏ నూతిలో దూకాలి వదినా?" అంది మీ వదిన.

"నేను ఒప్పుకోను. నా తాళం ఇవ్వను" అన్నాను.

"నీది అక్కర్లేదక్కా. నలుగురిలో ముగ్గురు చాలని వాడే కదా రూలు పెట్టింది!"

తప్పు నీదేనని తీర్మానం అయిపోయింది. మీ అన్నయ్య తాళం ఒకటి, మీ వదిన తాళం ఒకటి. మూడోది నీది.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు పెంచిన
పెద్దక్క