స్వప్న కాలిలో చప్పుడు

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. నీళ్ల సంపు కడిగి ఆసుపత్రికి వెళ్లాను.

సుజాతా, నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర స్కూటర్ జారి మన స్వప్నకు మోకాలి కింద కండ లేచిపోయింది. డాక్టర్లు తొడ నుంచి కండ తీసి అక్కడ అతికించారు. ఆ కండ రక్తనాళం సన్నం, కాలిది లావు. సన్నదాని మూతిని ఏటవాలుగా కోసి, వెడల్పు చేసి కుట్టారట. ఆ కుట్టు మూసుకుపోతే కాలు దక్కకపోవచ్చు.

నేను ప్లంబర్ని కదా, నాకు నమ్మకం కుదరలేదు. "సన్న పైపుకు లావు పైపు బిగించే రెడ్యూసర్ లేకుండ కలిపితే లీక్ కాదా?" అన్నాను.

"నాయినా, నా కాలు నల్లా అనుకున్నవా?" అని స్వప్న నవ్వింది.

నర్సు పెన్నులాంటి యంత్రాన్ని కుట్టు దగ్గర ఆనించింది. ఉస్సు ఉస్సుమని రక్తం పారే చప్పుడు వచ్చింది. నువ్వు పోయిన రోజు నీ మంచం పక్కన యంత్రం కూడా చివరిదాకా మోగుతూనే ఉంది.

"జర ఈ దుప్పటికి పెట్టమ్మా."

"దుప్పట్ల రక్తముంటదా అంకుల్?" అంటూనే పెట్టింది. చప్పుడు లేదు. మళ్లీ కాలికి పెట్టింది. నేను స్వప్న మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టినప్పుడల్లా అక్కడ చప్పుడు వచ్చింది.

నర్సు వెళ్లిపోయాక కూడా చెయ్యి వదల్లేదు. ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.