నేను రాసిన దొంగ పరీక్ష

నలభై ఎనిమిదేళ్లుగా నా నోటిని భరిస్తున్న శ్రీమతికి,

ఇక్కడ అందరం బాగున్నాం. ఈ మాట రాయకపోతే మిగతాది చదవకుండానే కంగారుపడతావని రాశాను. అక్కడ నువ్వూ, నీ తుంటి ఎముకా, అమ్మాయీ బాగున్నారని తలుస్తాను.

ఫోనులో ఎందుకు మాట్లాడనని అడిగావు. నా చెవుల సంగతి తెలుసుగా. నాకు వినపడాలని నీ కొడుకు స్పీకరు పెడతాడు. ఇక అది మనం మాట్లాడుకోవడం కాదు, ఇంటిల్లిపాదికీ వార్తలు చదవడం. ఈ ఉత్తరం అమ్మాయి చదివి వినిపిస్తానంటే ఇవ్వకు. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువుకో.

కోడలు ఎలా చూస్తోందన్నావు. బాగానే చూస్తోంది, అదే నా బాధ. మొన్న డ్యూటీ నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా నా కాలిగోళ్లు తీసింది. తిట్టడానికి ఏమీ దొరకనివ్వదు. నీ కొడుకు మాత్రం దొరికాడు. బాత్రూము గడియ ఊడబీకేశాడు. "లోపల పడిపోతే తలుపు బద్దలు కొట్టాల్సొస్తుంది నాన్నా" అన్నాడు. ఇప్పుడు లోపలున్నంతసేపూ నేను పాట పాడుతుండాలి, లేకపోతే ఎవరో ఒకరు తోసుకొస్తారు. నా గొంతు నీకు తెలుసు. పక్కవాటా వాళ్లు కిటికీ మూసుకుంటున్నారు.

ఆస్పత్రిలో ఇంకా అన్యాయం. క్యాన్సరు నా పేగులో, జవాబులు వాడి నోట్లో. "పెద్దాయన తింటున్నారా?" అని డాక్టరు నా ముఖం చూస్తూ వాణ్ణి అడుగుతాడు. మందు డబ్బాలో ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఉంటుందే, దాన్ని చివరి అక్షరం దాకా చదివిన మనిషి ఆ గదిలో నేనొక్కణ్ణే. డాక్టరు కూడా చదివి ఉండడు. అయినా నన్నెవరూ అడగరు.

అరికాళ్లు మొద్దుబారుతున్నాయా అని మూడు ఉత్తరాల నుంచి అడుగుతున్నావు. మూడుసార్లూ తప్పించుకున్నాను. ఇప్పుడు మొదటి నుంచీ చెబుతాను, కూర్చుని చదువు.

వైద్యం మొదలుపెట్టేముందు డాక్టరు రెండు దారులు చెప్పాడు. గట్టి మందైతే మూడు వారాలకోసారి సెలైనులో ఎక్కిస్తారు, ఆరుసార్లతో అయిపోతుంది. ఈ వయసులో తట్టుకోలేననుకుంటే చిన్న మోతాదు బిళ్లలు, పనిచేసినన్నాళ్లూ మింగుతూనే ఉండాలి. ఏది ఇవ్వాలో తేల్చడానికి ముసలివాళ్లకో పరీక్ష పెడతారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. నర్సు గడియారం చూస్తుంది. ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అప్పజెప్పమంటుంది. ఆరు నెలల్లో ఎన్నిసార్లు పడ్డారని అడుగుతుంది.

ముప్పై నాలుగేళ్లు పరీక్ష హాళ్లలో పిల్లల కాలర్లలోంచి చీటీలు లాగినవాణ్ణి, పేపరు లీకు చేయించుకున్నాను. ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చునే రిటైర్డు కండక్టరు ఒకడున్నాడు, అందరూ మీసాలాయన అంటారు. "మాటలు మార్చరు మాస్టారూ. గొడుగు, నిమ్మకాయ, రైలు, అద్దం, సున్నం" అన్నాడు.

"మరి నువ్వెందుకు తప్పావయ్యా?"

"నడకలో పోయిందండీ."

వారం రోజులు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, హాల్లో కుర్చీ వేసుకుని లేవడం, నడవడం ప్రాక్టీసు చేశాను. అందులోనే రెండుసార్లు పడ్డాను. ఎన్నిసార్లు పడ్డారంటే ఒక్కసారీ లేదన్నాను. "తాతగారూ, మీరు కుర్రాళ్లండీ!" అంది నర్సు. నీ కొడుకు ఆ మార్కులు తనకే వచ్చినట్టు నవ్వాడు.

గొప్ప కోసం చేశానని నువ్వనుకుంటావు. కాదు. అంతకు కొద్దిరోజుల ముందు వాడు అమ్మాయితో ఫోనులో అంటున్నాడు: "ఇద్దరినీ ఒకే ఇంట్లో మంచాన పెట్టుకుని చూడలేం. ఆరు డోసులతో నాన్న సంగతి తేలిపోతే వెంటనే అమ్మను తెచ్చుకుంటాం." నాకు కావలసినవి మాత్రం వినపడతాయి. మనల్ని చెరొకర్నీ పంచుకున్నవాళ్లు, మళ్లీ కలపడానికి పెట్టిన గడువు అదొక్కటే. బిళ్లలకు గడువు లేదు.

గట్టి మందే మొదలుపెట్టారు, నాలుగు డోసులయ్యాయి. ఆ మందుకు అరికాళ్లు మొద్దుబారి, ఎక్కడ ఆనుతున్నాయో చూస్తేగానీ తెలియడం లేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేను. ఈ నెలలోనే నాలుగుసార్లు పడ్డాను. వంటింటి గట్టుకు కణత కొట్టుకుంటే, నిద్రలో మంచం పట్టె తగిలిందని కోడలికి చెప్పాను. పాపం, మంచానికి గుడ్డ చుట్టింది. పడ్డానంటే ఈ మందు ఆపేస్తారు. అనకపోతే ఆరో డోసు దాకా నేనుంటానో లేదో. రెండు తలుపులూ నేనే వేసుకుని మధ్యలో కూర్చున్నాను.

బుధవారం ఐదోది. ఎక్కించే ముందు నర్సు మళ్లీ అడుగుతుంది, పడ్డారా అని. నీ కొడుకు నోరు తెరిచేలోపు "నాలుగుసార్లు" అని చెబుతాను. ఈ ఉత్తరం నీకు గురువారం గానీ చేరదు, కాబట్టి మంచిదనడానికీ వద్దనడానికీ నీకు వీల్లేదు. కావాలనే అలా చూసుకుని రాశాను. నువ్వు ఏదో ఒకటంటే నేను అదే చేసేవాణ్ణి, తర్వాత ఆ పాపం నీ నెత్తిన రుద్దేవాణ్ణి.

ప్రతి ఉత్తరం చివరా నువ్వెప్పుడొస్తావని అడిగేవాణ్ణి. ఈసారి అడగడం లేదు.

ఇట్లు,
నీ పెనిమిటి