మలుపులో నిలిచిన నీళ్ళు

నాన్నకు,

నీ ఉత్తరం సోమవారం అందింది. అమ్మ బాగుంది. మెడనొప్పి తగ్గి మళ్ళీ కుట్టుమిషన్ ముందు కూర్చుంటోంది. నేనూ బాగానే ఉన్నానని రాస్తున్నాను. చివరిదాకా చదివాక నమ్మాలో లేదో నువ్వే తేల్చుకో.

బూట్లు సరిపోయాయా అని అడిగావు. మడమ దగ్గర కొరికేవి, ఇప్పుడు కొంచెం దారికొచ్చాయి. "తారులో రకాలేంటే? నల్లగా ఉంటే రోడ్డే కదా, తారు డాక్టరమ్మా!" అని ఎగతాళి చేశావు. ముప్పై ఏళ్ళు దానిమీదే లారీ నడిపి ఈ మాట అనడం నీకే చెల్లింది.

విను. మామూలు పెద్దరోడ్లకి వేసేది చిక్కటి మిక్స్. పెద్దరాయి, చిన్నరాయి, పొడి అన్నీ కూరి వేడివేడిగా పరుస్తాం. చుక్క నీరు దిగదు. వానాకాలంలో గుంతలు పూడ్చడానికి చల్లటి మిక్స్ సంచుల్లో వస్తుంది, పొయ్యి అక్కర్లేదు. వంతెనల మీదికి మాస్టిక్ అనే జారుడు తారు, అది పరిచేది కాదు, పోసేది. ఇక నాలుగోది జల్లి మిక్స్. అందులో చిన్నరాయి దాదాపు ఉండదు. రాళ్ళ మధ్య సందులుంటాయి, వాన పడగానే నీరు లోపలికి దిగి పక్కకి పోతుంది. కొండదారుల్లో నీళ్ళు అడ్డంగా పారే మలుపులకి అదే వాడతాం. లారీలు ఆగి చక్రాలు తిప్పే చోట మాత్రం పనికిరాదు, రాళ్ళు ఊడొస్తాయి.

ఇదంతా ఎందుకు రాశానంటే, నాన్నా, ఆ తేడా తెలిసి కూడా తప్పు చేశాను.

పోయిన నెల మిక్స్ కలిపే ప్లాంటు గేటు దగ్గర రెండు వరసల లారీలు ఆగాయి. ఒక వరస చిక్కటి మిక్స్‌తో మీ లారీ యార్డుకి, రెండోది జల్లి మిక్స్‌తో కొండ మలుపుకి. టార్పాలిన్ ఎత్తి మిక్స్ చూసి, వేడి కొలిచి, అప్పుడు ఏ లోడు ఎక్కడికో స్లిప్పు రాయాలి. ఒక్క చూపు చాలు, తెలిసిపోతుంది. ఆ మధ్యాహ్నం నేను ఎత్తలేదు. వేరే ఊళ్ళో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ కూర్చున్నాను. ఎప్పుడూ ఇంకెక్కడికో పోవాలనే నా బుద్ధి నీకు తెలుసుగా. స్లిప్పులు తారుమారుగా రాసేశాను. మొదటి వానకి యార్డులో నీళ్ళు ఇంకిపోయాయి. మలుపులో అద్దంలా నిలిచాయి.

రోడ్డు పరిచిన మేస్త్రీని అడిగాను.

"స్లిప్పులో ఏముంటే అదే పరిచాం తల్లీ," అన్నాడు.

"మీకు చూడగానే తెలియలేదా?"

"తెలిసింది. చదువుకున్నావు కదా, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నా. ఇప్పుడు అరిచి ఏం లాభం? నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి. ఆ టీ తాగు, చల్లారిపోతోంది."

తాగాను. తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. నిన్న పొద్దున వానలో పాలవ్యాను ఆ మలుపులో గిర్రున తిరిగి అంచున ఆగింది. నేను వెళ్ళేసరికి డ్రైవరు రోడ్డు పక్కన కూర్చుని రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకున్నాడు. మనిషి నీ వయసువాడే.

గురువారం లోడుతో నువ్వు అటే దిగుతావు. మొన్న ఫోన్‌లో పాత దారిన రమ్మన్నాను. "నా కూతురు వేసిన రోడ్డుమీద నేను పోక ఎవడు పోతాడే!" అని నవ్వావు. ఆ నవ్వు విన్నాక అసలు సంగతి చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ కాగితం.

పెద్ద ఇంజనీరు గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. తప్పంతా రాసిన రిపోర్టు ఒళ్ళో ఉంది. మలుపు మూసేయమని అడుగుతాను. మేస్త్రీ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. ఉద్యోగం పోతుందనే భయం పెద్దదనుకున్నాను. పాలవ్యాను చూశాక అది చాలా చిన్నదైపోయింది. మీ యార్డు బండి నడిపే బాబాయి పక్కనే ఉన్నాడు, నువ్వు బయల్దేరేలోపే ఇది నీ చేతికిస్తానన్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు.

పిలుస్తున్నారు నాన్నా. లోపలికి వెళ్తున్నాను. నామీద కోపమొస్తే రానీ, తిట్టు, ఎంతైనా తిట్టు. పాత దారిన వచ్చి తిట్టు.

ఇట్లు,
నీ చిన్నకూతురు