ఒక్క రెక్కే కత్తిరించాలట

ఇబ్రహీంపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

అఫ్సా అబ్బాకి,

అస్సలాము అలైకుమ్. అల్లా దయవల్ల నేనూ, అఫ్సా, నాలుగు కోళ్లూ ఇక్కడ కులాసా. మీరు ఆ పోర్ట్ బ్లెయిర్‌లో వేళకి తింటూ, ఆ కరెంటు వైర్ల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నారని తలుస్తాను. మీ ఉత్తరం అందింది. మీతో పనిచేసే ఆయన గన్నవరంలో విమానం దిగి, పనిగట్టుకుని ఇంత దూరం వచ్చి ఇచ్చి వెళ్లాడు. సెలవయ్యాక తిరిగి వెళ్తూ ఇది తీసుకొస్తానన్నాడు. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వకండి, మొదలుపెట్టింది మీరే. పైగా మీ గదిలో ఇంకో నలుగురున్నారు. నేను మెల్లగా మాట్లాడినా వాళ్లందరికీ వినబడుతుందని మీరే అన్నారు. ఇది వాళ్లు వినాల్సిన సంగతి కాదు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. ఫ్యానుకి కెపాసిటర్ మార్పించాను, తిరుగుతోంది. కుట్టు మిషన్ తొక్కి తొక్కి వచ్చిన మోకాలి నొప్పి తగ్గింది. అఫ్సా రెండో ఎక్కం వెనక నుంచి కూడా చెబుతోంది. పక్కింటి పద్మావతమ్మగారు ఎలా ఉన్నారని అడిగారు. ఆవిడకేం, నిక్షేపంలా ఉన్నారు. “ఏ ఇబ్బంది వచ్చినా ఆవిడని అడుగు” అని మొదటి పేజీలో రాశారు. “ఆవిడ పక్కన ఉన్నారు కాబట్టే ఇక్కడ నిద్రపడుతోంది” అని రెండో పేజీలో రాశారు. నా వల్ల మీకేం పడుతోందో ఎక్కడైనా రాశారేమోనని కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

కోళ్ల సంగతి చెప్పమన్నారు కదా, అందులోనూ ఆవిడే ఉన్నారు. వినండి.

మీరు వెళ్లే ముందు అఫ్సా కోసం తెచ్చిన పిల్లలు ఇప్పుడు పెట్టలయ్యాయి. నాటు కోళ్లు కదా, ఒళ్లు తేలిక. మన గోడ నా భుజం దాకా ఉంటుంది, వాటికది ఓ లెక్క కాదు. అందరికంటే ముందు గోడెక్కేది రాణి, ఆ గోధుమరంగుది. పొద్దున్నే గంప ఎత్తడం ఆలస్యం, నేను వేసిన నూకలు నాలుగు ముక్కున కరుచుకుని గోడ మీద కూర్చుంటుంది. ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూస్తుంది, అవతలికి దూకుతుంది. దాని వెనకే మిగతా మూడూ వెళ్లిపోతాయి. తిండి నా దగ్గర, కాపురం ఆవిడ దగ్గర. గుడ్లు కూడా అక్కడే, ఆవిడ పొయ్యి పక్కన.

ఆ గుడ్లు ఆవిడ దాచుకుంటే బాగుండేది. హాయిగా పోట్లాడేదాన్ని. అలా చేయరుగా! స్టీలు గిన్నెలో పెట్టి, పైన మూత పెట్టి, అఫ్సా చేత పంపిస్తారు. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, నేను సేమియా వేసి పంపుతాను. రెండో రోజు అదే గిన్నెలో గుడ్లతో పాటు చింతకాయ పచ్చడి వస్తుంది. నేను ఖుర్మా పంపుతాను, ఆవిడ సున్నుండలు పంపుతారు. ఇలా గిన్నె తిరుగుతూనే ఉంది. నా కోడి పెట్టిన గుడ్డు నా ఇంటికి రావడానికి నేను ఇంత వంట చేయాలా అని ఒళ్లు మండిపోతుంది. సున్నుండలు మాత్రం బాగుంటాయి, అది వేరే మాట.

గోడ మీద పచ్చ నెట్టు కట్టించాను. దాని మీద కూర్చుని ఊగి మరీ దూకాయి. పాత చీర అడ్డంగా కట్టాను. చీర కింద నుంచి దూరాయి. అప్పుడు రెక్కలు కత్తిరిద్దామని కూర్చున్నాను. రెక్క చివర పొడుగు ఈకలుంటాయి కదా, అవి కోస్తే నొప్పి ఉండదని, గోళ్లు తీసినట్టేనని మా అమ్మీ చెప్పేది. నా చేతిలో కత్తెర ఉంటే ఇంకేం కావాలి? రాణిని ఒళ్లో పెట్టుకుని, కుడి రెక్క విప్పి కొలిచాను, ఎడమ రెక్క విప్పి కొలిచాను. జాకెట్టుకి రెండు చేతులూ ఎలా ఉండాలో అలా, పిసరు తేడా లేకుండా కత్తిరించాను. ఇంత చక్కటి కటింగ్ పెళ్లికూతురి జాకెట్టుకి కూడా చేసి ఉండను.

వదిలాను. నిలువునా లేచి గోడెక్కింది. కాస్త కిందుగా ఎగిరిందంతే.

అవతల పద్మావతమ్మగారు నీళ్లపొయ్యిలో పుల్లలు పెడుతూ చూశారు. పడీ పడీ నవ్వారు. “రెండూ సమానంగా కోశావేంటే జమీలా? అదేమన్నా జాకెట్టా? ఒక్క రెక్కే కత్తిరించాలే. అప్పుడు లేవబోతే ఓ పక్కకి ఒరిగిపోద్ది, భయపడి మానేస్తది” అన్నారు.

నిజమే అయి ఉంటుంది. కానీ ఆవిడ చెప్పారు కాబట్టి చేయలేదు. ఎలా చేస్తాను? నా రాణి, నా కత్తెర, ఉపాయం మాత్రం ఆవిడదా? “చూద్దాంలెండి పిన్నిగారూ” అనేసి లోపలికొచ్చాను.

కోళ్లు పోతే పోయాయి. వాటి వెనక అఫ్సా కూడా పోయింది, నా బాధ అది. బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి, “కోళ్లని తోలుకొస్తా అమ్మీ” అంటుంది. తోలుకు రావడానికి చీకటి పడుతుంది. ఇక్కడ చిక్కుడుకాయ కూర చూస్తే ముఖం తిప్పుకునే పిల్ల, అక్కడ అదే కూరతో రెండోసారి పెట్టించుకుంటుందట. మొన్న జడ వేయబోతే “అమ్మమ్మగారు గట్టిగా లాగరు” అంది. దువ్వెన అక్కడే పడేసి లేచిపోయాను. నేను ఇక్కడ తిండి పెట్టి, బట్టలుతికి, జ్వరం వస్తే కూర్చుని చూసుకుంటే, ఆవిడ ఓ పీట వేసుకుని కూర్చుంటే చాలు, నా సంసారమంతా గోడ దూకి ఆవిడ ముందు వాలుతోంది. మీతో సహా. ఓర్వలేనితనమంటారా? అవును, అదే. ఇంకో పేరు పెట్టను.

ఇప్పుడు అసలు సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపు వాళ్లు కుట్టుపనికి రమ్మంటున్నారనీ, అందుకని అక్కడే ఇల్లు తీసుకుని మారిపోదామనీ ఫోనులో చెప్పాను కదా. “నిజంగా పని కోసమేనా? కోళ్లని ఏం చేస్తావు? అఫ్సా బడి?” అని మీరు ఉత్తరంలో అడిగారు. మీరు సరే అంటే వచ్చే నెలే మారాలని చూశాను. షాపు వాళ్లు రమ్మన్న మాట నిజం. ఇల్లు మారమని మాత్రం ఎవరూ అనలేదు. బట్టలు ఇంటికే తీసుకెళ్లి కుట్టుకోమన్నారు. ఇల్లు మారాలన్నది నా మాట. ఆ గోడకి దూరంగా పోవాలని, గోడే లేని మూడో అంతస్తులో పిల్లని నా ఒక్కదాని దగ్గరే పెట్టుకోవాలని. కోళ్లని అమ్మేద్దామనుకున్నాను. అఫ్సాకి ఇంకా చెప్పలేదు కూడా.

కిందటి వారం శుక్రవారం సాయంత్రం ఏమైందంటే, రాణిని పట్టుకొద్దామని గోడ దాకా వెళ్లాను. అవతల అఫ్సా మాటలు వినబడ్డాయి. పిలవబోయి ఆగిపోయాను. పిలిచి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

“అబ్బా రంజాన్‌కి వస్తానన్నాడు, రాలేదు. బక్రీద్‌కన్నాడు, రాలేదు. ఇక రాడేమో అమ్మమ్మగారూ” అంటోంది. ఏడుస్తోంది. మీతో ఫోనులో “అబ్బా, ఏనుగు బొమ్మ తెస్తావా?” అని కిలకిలా నవ్వే పిల్లేనండీ.

“మీ అమ్మతో చెప్పావా?” అన్నారావిడ.

“చెప్పను. అమ్మీ ఏడుస్తుంది. అబ్బా ఫోను పెట్టేశాక అమ్మీ రోజూ మిషన్ కుడుతుంది. కానీ అందులో బట్ట ఉండదు. దారం కూడా ఉండదు. చప్పుడు కోసం ఉత్తినే తొక్కుతుంది.”

ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. మీకు కూడా ఇప్పుడే తెలుస్తోంది. మీతో నవ్వుతూ మాట్లాడి, ఫోను పెట్టేసి, మిషన్ ముందు కూర్చుని తొక్కుతాను. ఆ చప్పుడులో ఏడుపు వినబడదని. “ఈ మధ్య పని ఎక్కువైందా?” అని మీరు అడిగారు చూడండి, ఆ పని ఇదే. మోకాలి నొప్పికి కూడా సగం కారణం అదే.

పద్మావతమ్మగారు ఏదో ఓదార్పు చెబుతారు, దగ్గరకి తీసుకుంటారు అనుకున్నాను. చెవులు రిక్కించి నిలబడ్డాను, ఆ మాట పట్టుకుని ఆవిడని కడిగేద్దామని. ఆవిడ అదేమీ చేయలేదు. “ఏడిస్తే ఏడవనీయవే. ఇద్దరూ కూచుని ఏడవండి. నా దగ్గర ఏడిస్తే నేనేం చేస్తా? నాకు పొయ్యి ఆరిపోతంది, ఇక ఇంటికి పో” అన్నారు.

మనసులో తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు మనిషి.

లోపలికొచ్చాను. కడుపులో ఏడుపు లేదు, మంట ఉంది. నా పిల్ల ఏడుపు కూడా ఆవిడకే దక్కిందని. నవ్వు మాకు, ఏడుపు ఆవిడకి. ఏది విలువైనదో చెప్పండి! నేనే మిషన్ చప్పుడు చేసుకుంటూ దాని ఏడుపుని గోడ అవతలికి తోలేశానని అర్థమయ్యేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

కాసేపటికి అఫ్సా రాణిని చంకలో పెట్టుకుని వచ్చింది. ముఖం కడుక్కుని మరీ వచ్చింది, దొంగ. నేను కత్తెర తీశాను. “ఇలా కూర్చో, దీన్ని గట్టిగా పట్టుకో, ఒక రెక్క ఇంకాస్త లోపలికి కత్తిరిద్దాం” అన్నాను.

“ఒక్కటేనా?”

“ఒక్కటే. అలాగే చేయాలట.”

అఫ్సా దాని కుడి రెక్క విప్పి పట్టుకుంది. కరకరమని కత్తిరించాను. ఒక చేయి పొడుగు, ఒక చేయి పొట్టి. నా చేతులతో నేను అలాంటి కటింగ్ చేస్తానని కలలో కూడా అనుకోలేదు.

“మళ్లీ వస్తాయా అమ్మీ?” అంది ఈకలు ఏరుతూ.

“పాతవి రాలిపోతాయి, కొత్తవి వస్తాయి.”

“అబ్బా?”

నాకు వెంటనే మిషన్ వైపు లేవాలనిపించింది. కాళ్లు కదిలాయి కూడా. కానీ కదలకుండా కూర్చున్నాను. “నాకూ తెలియదమ్మా. నాకూ బెంగగానే ఉంది” అన్నాను, కన్నీళ్లు దాచుకోకుండానే. అది రాణిని వదిలేసి, నా ఒళ్లో పడి బావురుమంది. నా కొంగంతా తడిసేదాకా ఏడ్చింది. అది ఏడుస్తుంటే నాకెంత సంతోషం వేసిందో చెబితే మీరు నన్ను పిచ్చిదాన్ననుకుంటారు. అనుకోండి.

రాణి ఆ పక్కనే ఎగరబోయి, ఒరిగి, బొక్కబోర్లా పడింది. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

మర్నాడు మిగతా మూడింటికీ ఒక్కో రెక్క కత్తిరించాం. ఇప్పుడు గోడెక్కడం లేదు. కానీ దిగులుగా సిమెంటు మీద తిరుగుతున్నాయి. మీరు పెరడంతా సిమెంటు చేయించారు, నేను బట్టలకి దుమ్ము అంటుతుందని రోజుకు రెండుసార్లు ఊడుస్తాను. కోళ్లకి ఒళ్లు దొర్లించుకోవడానికి మెత్తటి మట్టో బూడిదో ఉండాలట. అవి వెళ్లేది ఆవిడ పొయ్యి పక్కన బూడిద కోసమే. ఇన్నాళ్లూ ఆవిడ మీద ప్రేమ అనుకున్నాను! అది తెలిశాక ఎంత తేలికపడ్డానో. నేనే వెళ్లి, “పిన్నిగారూ, కాస్త బూడిద ఇస్తారా?” అని అడిగాను. బక్కెట్టు నిండా ఇచ్చారు. మూలన పాత టబ్బులో పోశాను. నా పెరట్లో దుమ్ము లేస్తోంది. లేవనీ. గిన్నెలో ఈసారి నేను గుడ్లు పంపాను, మా ఇంట్లో పెట్టినవి.

ఇల్లు మారే మాట వదిలేశాను. షాపు బట్టలు ఇక్కడే కుడతాను. అఫ్సా గోడ అవతలికి వెళ్తూనే ఉంది, సున్నుండలున్నంత కాలం వెళ్తుంది. కుళ్లు తగ్గిందని అబద్ధం చెప్పను. ఈ పొద్దున కూడా ఆవిడ జడ వేసి పంపితే, విప్పి మళ్లీ వేశాను, మెల్లగా.

మీకు చెప్పేవి మూడే. అక్కడి పని కాంట్రాక్టు మళ్లీ పొడిగించే ముందు నన్ను అడగండి. వస్తానని కచ్చితంగా తెలిస్తేనే అఫ్సాకి పండుగ పేరు చెప్పండి, లేకపోతే చెప్పకండి. మూడోది, మీరు పద్మావతమ్మగారికి ఫోను చేసినప్పుడు అన్నీ చెప్పండి, అఫ్సా నా ఒళ్లో ఏడ్చిందని మాత్రం చెప్పకండి. ఆ ఒక్కటీ ఆవిడకి తెలియదు. అది నాది.

ఇట్లు,
గోడకి ఇవతలి వైపు నుంచి,
మీ భార్య,
అఫ్సా అమ్మీ జమీలా